దుంగ, నూనె, పేరు: ఒక గంధపు సబ్బు చెప్పే పరిశ్రమ పాఠం

(మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారకోపన్యాసం. ఇంజనీర్ల దినోత్సవ సభలో, భానూర్‌లో చేసిన ప్రసంగ పాఠం)



విశ్వేశ్వరయ్యగారి పేర సభ పెడితే వక్తకు పెద్ద కష్టం ఉండదు. కృష్ణరాజసాగరం ఆనకట్ట ఉంది. మనకైతే ఇంకా దగ్గరి సంగతి ఉంది. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచెత్తాక నిజాం ప్రభుత్వం ఆయన్ని పిలిపించుకుంది. నగరానికి ఎగువన జలాశయాలు కట్టి వరదను అక్కడే పట్టి ఉంచాలని ఆయన సలహా చెప్పారు. ఆ సలహా ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆయన పూర్వీకుల ఊరు మోక్షగుండం మన తెలుగు నేల మీదే ఉంది. ఆ విధంగా ఆయన మైసూరు వాళ్ళకెంతో మనకూ అంతే.

అయినా ఈరోజు నేను ఆనకట్టల జోలికి పోవడం లేదు. సబ్బు గురించి మాట్లాడతాను. క్షిపణులు తయారయ్యే ఊళ్ళో, చుట్టూ మందుల కంపెనీలున్న చోట, స్నానపు సబ్బు మీద స్మారకోపన్యాసమా అని నిర్వాహకులు ముందు నవ్వారు. విషయం చెప్పాక ఒప్పుకున్నారు. ఎందుకంటే ఒక ప్రాంతం తన ముడిసరుకును అమ్ముకునే దశ నుంచి తన పేరును అమ్ముకునే దశకు ఎలా వెళ్తుందో, ఆ దారిలో ఏం పోగొట్టుకుంటుందో చూడాలంటే మైసూరు శాండల్ సబ్బు కంటే మంచి ఉదాహరణ దక్షిణాదిలో నాకు కనిపించలేదు. ఆ సబ్బు పుట్టింది విశ్వేశ్వరయ్యగారు మైసూరు దివానుగా ఉన్న రోజుల్లో. దాన్ని ఒంటికి రుద్దుకున్నవాళ్ళలో పెద్ద వాటా మనది.

నేను చెప్పదలచింది ఒక్కటే. ముడిసరుకు మనదైనంత మాత్రాన సొమ్ము మనది కాదు. సరుకు చేయడం నేర్చుకుంటే సగం దారి నడిచినట్టు. దాని మీద మన పేరు వేసి, ఆ పేరుకు ఏళ్ళ తరబడి కట్టుబడి ఉంటేనే మిగతా సగం పూర్తవుతుంది.

దుంగలు అమ్ముకున్న రాజ్యం

శ్రీగంధం చెట్టు మైసూరు అడవుల్లో ఎప్పటి నుంచో ఉంది. 1792లో టిప్పు సుల్తాను దాన్ని రాజవృక్షంగా ప్రకటించాడు. అంటే చెట్టు ఎవరి నేలలో మొలిచినా సొత్తు సర్కారుదే. ఒడయార్ల కాలంలోనూ ఆ పద్ధతే సాగింది. ఏటా చెట్లను వేళ్ళతో సహా పెకలించి, పైచెక్క చెక్కేసి, లోపలి చేవను రకాల వారీగా పేర్చి వేలం వేసేవాళ్ళు. ఖజానాకు నికరమైన రాబడి అది.

వేలంలో కొన్న సరుకు ఓడలెక్కి ఐరోపా వెళ్ళేది. అందులో ఎక్కువ భాగాన్ని జర్మనీ కంపెనీలు కొని, ఆవిరి పట్టి నూనె తీసేవి. ఆ నూనె అత్తరు తయారీదార్లకూ, మందుల కంపెనీలకూ, సబ్బుల వాళ్ళకూ వెళ్ళేది. చెట్టు, అడవి, దాన్ని కాపలా కాసే జవాను మైసూరువి. నూనె ధర మాత్రం ఐరోపాలో తేలేది. ఈ అమరికలో తప్పుందని ఎవరికీ పెద్దగా తోచలేదు. రాబడి వస్తోంది కదా.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. జర్మనీతో వ్యాపారం తెగిపోయింది. ఓడలు లేవు, కొనేవాళ్ళు లేరు, దుంగలు డిపోల్లో పేరుకుపోయాయి. రాజ్యాదాయంలో ముఖ్యమైన పద్దు ఒక్కసారిగా ఎండిపోయింది. అప్పటికి దివాను విశ్వేశ్వరయ్య. ఇంజనీరు కాబట్టి ఆయనకు ప్రశ్న వేరే రకంగా కనిపించింది. దుంగలు ఎవరికి అమ్మాలి అని వెతకడం మానేసి, దుంగలే ఎందుకు అమ్మాలి అని అడిగారు.

చేవలోంచి నూనె

నూనె తీయడం వినడానికి తేలిక. గంధపు చేవను ముక్కలు చేసి, పొడిగొట్టి, పాత్రలో నింపి కింది నుంచి ఆవిరి పంపాలి. ఆవిరితో పాటు నూనె పైకొస్తుంది. గొట్టంలో చల్లబరిస్తే నీళ్ళూ నూనే వేరుపడతాయి. మీలో కెమికల్ ఇంజనీర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇందులోని మెలిక చెప్పాలి. గంధపు నూనెలో ముఖ్యభాగం శాంటలాల్. దాన్ని విడిగా మరిగించాలంటే 300 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. అంత వేడికి వాసన మాడిపోతుంది. నీటి ఆవిరి తోడుంటే 100 డిగ్రీల లోపే అది కదిలి వస్తుంది. కానీ చుక్కలు చుక్కలుగా, రోజుల తరబడి వస్తుంది. తొందరపడి ఆవిరి ఎక్కువ పంపితే వాసన చెడుతుంది. మధ్యలో ఆపేస్తే అసలైన భాగం చెక్కలోనే ఉండిపోతుంది. మంచి చేవైతే వంద కిలోల పొడికి నాలుగైదు కిలోల నూనె దక్కుతుంది. వేళ్ళలో నూనె ఎక్కువ. అందుకే శ్రీగంధాన్ని నరకరు, పెకలిస్తారు.

ఈ పని నేర్పడానికి జర్మన్లు లేరు. అప్పటికి బెంగళూరులో భారతీయ విజ్ఞాన సంస్థ కొత్తగా నడుస్తోంది. అక్కడి ఆచార్యులు సడ్‌బరో, వాట్సన్ ప్రయోగశాలలో గంధపు నూనె తీసి చూపించారు. మైసూరు పరిశ్రమల శాఖను అప్పుడు ఆల్ఫ్రెడ్ చాటర్టన్ నడుపుతున్నారు. అంతకుముందు మద్రాసులో అల్యూమినియం పాత్రల తయారీకీ తోళ్ళ పరిశ్రమకూ దారి వేసిన మనిషి ఆయన. వీళ్ళ కలయికతో 1916లో బెంగళూరులో గంధపు నూనె కర్మాగారం మొదలైంది. మరుసటి ఏడాది మైసూరులో ఇంకొకటి వచ్చింది. యుద్ధం ముగిసే వేళకు మైసూరు దుంగల బదులు నూనె ఎగుమతి చేసే స్థితికి చేరింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. దివాను ఆజ్ఞ ఒక్కటే ఈ పని చేయలేదు. అడవి సర్కారు చేతిలో ఉంది. ప్రయోగశాల నాలుగడుగుల దూరంలో ఉంది. పరిశ్రమను తన పనిగా భావించిన అధికారి ఉన్నాడు. మూడూ ఒకే రాజ్యంలో, ఒకే సమయంలో కలిశాయి. మన చుట్టూ చూడండి. పటాన్‌చెరులో 1972 నుంచి ఇక్రిశాట్ ఉంది, కందిలో ఐఐటీ ఉంది, రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ ఉంది. దూరం లెక్కేస్తే మనది మైసూరు కంటే మెరుగైన పరిస్థితి. వాటి గేట్లకూ మన చిన్న యూనిట్ల గేట్లకూ మధ్య రాకపోకలే తక్కువ.

సబ్బు శాస్త్రి

నూనెతో ఆగిపోయి ఉంటే మైసూరు రెండో మెట్టు మీదే ఉండిపోయేది. నూనె కూడా ఒకరకంగా ముడిసరుకే. డబ్బాల్లో పోయడం, అవతలివాడు చెప్పిన రేటుకు అమ్మడం. సబ్బు ఆలోచన ఎలా వచ్చిందో ఒక కథ చెప్పుకుంటారు. 1918లో మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడయారుకు ఇద్దరు విదేశీ అతిథులు సబ్బులు కానుకగా ఇచ్చారట. అవి భారతదేశపు గంధపు నూనెతో చేసినవే. మన చెట్టు సముద్రం దాటి వెళ్ళి సబ్బై మనకే కానుకగా తిరిగొచ్చిందన్నమాట.

ఆ సబ్బును ఇక్కడే చేసే పని అప్పగించింది సోసలె గరళపురి శాస్త్రి అనే యువ రసాయన శాస్త్రజ్ఞుడికి. ప్రభుత్వం ఆయన్ని ఇంగ్లండు పంపి సబ్బుల తయారీ నేర్పించింది. తిరిగొచ్చి గంధపు నూనె ప్రధానంగా ఉండే పరిమళం పాళ్ళు తేల్చాడు. తర్వాత జనం ఆయన్ని ‘సబ్బు శాస్త్రి’ అనే పిలిచారు. 1918లో బెంగళూరులో కబ్బన్ పార్కు దగ్గర ప్రభుత్వ సబ్బుల కర్మాగారం వెలిసింది. విశ్వేశ్వరయ్యగారు దివాను పదవి వదిలింది కూడా ఆ ఏడాది చివర్లోనే. గోద్రెజ్ వాళ్ళు జంతువుల కొవ్వు లేకుండా నూనెగింజల నూనెలతో సబ్బు చేసి స్వదేశీ మార్కెట్లోకి దిగిన కాలం కూడా అదే. విదేశీ సబ్బుకు పోటీగా మన సబ్బు అనే మాట గాలిలో ఉంది.

గంధపు సబ్బులో అసలు పనితనం ఎక్కడుందో తయారీ వరస చూస్తే తెలుస్తుంది. నూనెలూ కొవ్వులూ క్షారంతో కలిపి సబ్బు చేయడం పాత విద్య. దాన్ని ఎండబెట్టి సేమియా లాంటి ముక్కలుగా చేస్తారు. మన వాళ్ళు నూడుల్స్ అనే అంటారు. ఆ నూడుల్స్‌ను మిక్సరులో వేసి, అప్పుడు కలుపుతారు పరిమళాన్ని. ముందే కలిపితే వేడికీ క్షారానికీ వాసన నిలవదు. తర్వాత రోలర్ల మధ్య నలిపి పలుచటి రేకుల్లా తీస్తారు. వాటిని ప్లాడరులో గాలి లాగేసి, ఒత్తి, పొడుగాటి బద్దీగా బయటికి తోస్తారు. బద్దీని కోసి అచ్చు వేస్తారు. పెట్టెలో పెడతారు. మామూలు పరిమళాలు మొదటి వారం ఘుమఘుమలాడి తగ్గిపోతాయి. గంధపు నూనె నెమ్మదిగా ఆవిరయ్యే రకం కాబట్టి సబ్బు అరిగి బిళ్ళైనా వాసన వదలదు. మిగతా పరిమళాలను కూడా అది పట్టి ఉంచుతుంది. అందుకే ఖరీదైనా దాని చోటు ఇంకొకటి తీసుకోలేకపోయింది.

శాస్త్రి తయారీ దగ్గర ఆగలేదు. సబ్బును కోడిగుడ్డు ఆకారంలో చేయించాడు. నగల పెట్టెలా కనిపించే అట్టపెట్టెలో పెట్టించాడు. ఏనుగు తల, సింహం ఒళ్ళు ఉన్న శరభాన్ని గుర్తుగా ఎంచుకున్నాడు. ట్రాము టిక్కెట్ల మీదా అగ్గిపెట్టెల మీదా ప్రకటనలు వేయించారు. కరాచీలో ఒంటెల ఊరేగింపు తీశారు. సర్కారు ఆఫీసు ఇంత చురుగ్గా వ్యాపారం చేసిన సందర్భాలు ఆ రోజుల్లో ఎన్ని ఉన్నాయో చెప్పండి. కొనేవాడి మనసులో చోటు సంపాదించడం కూడా ఇంజనీరింగ్ పనేనని గుర్తించినవాళ్ళు చేసిన పని ఇది.

తెలుగు ఇంట్లో రెండు గంధాలు

మన ఇళ్ళల్లో గంధం కొత్తది కాదు. గుళ్ళో తీర్థం తర్వాత గంధం, పెళ్ళిలో వచ్చినవాళ్ళకు గంధం, పేరంటంలో మెడకు గంధం. సింహాచలంలో అప్పన్న నిజరూపం ఏడాదికొక్కసారి తప్ప చందనం కిందే ఉంటుంది. శుభకార్యంలో గంధం లేకపోతే లోటు. అలాంటి ఇళ్ళల్లోకి గంధపు సబ్బు వస్తే పరిచయం చేయాల్సిన పని లేదు. మైసూరు శాండల్‌కు తెలుగు జిల్లాలు మొదటి నుంచీ పెద్ద మార్కెట్టు. కొత్త అల్లుడు వస్తున్నాడంటే బాత్‌రూములో ఆ పెట్టె విప్పే ఇళ్ళు మీకూ తెలుసు. పెట్టె పారేయకుండా బీరువాలో బట్టల మధ్య పెట్టే ఇళ్ళు కూడా తెలుసు.

రెండో గంధం కథ వేరు. మహారాష్ట్రలో అమల్నేర్ అనే ఊళ్ళో 1945లో వెస్టర్న్ ఇండియా వెజిటబుల్ ప్రాడక్ట్స్ అనే కంపెనీ పుట్టింది. వనస్పతి చేసేది. దాంతో పాటు బట్టల సబ్బు చేసేది. 1966లో తండ్రి చనిపోతే 21 ఏళ్ళ అజీం ప్రేమ్‌జీ చదువు ఆపి వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. అదే విప్రో. 1980ల మధ్యలో ఆ కంపెనీ గంధం, పసుపు కలిపిన సబ్బును సంతూర్ పేరుతో తెచ్చింది. మొదట్లో ‘ఇందులో గంధముంది, పసుపుంది’ అనే ప్రకటనలు వేశారు. అమ్మకాలు ఓ మోస్తరుగానే నడిచాయి. తర్వాత దారి మార్చారు. అందరూ కాలేజీ అమ్మాయి అనుకునే స్త్రీ దగ్గరికి పాప ‘మమ్మీ’ అంటూ పరిగెత్తుకొచ్చే ప్రకటన వచ్చింది. ఆ ఒక్క కథను మూడున్నర దశాబ్దాలుగా నటీనటులు మారుస్తూ, కథ మార్చకుండా నడిపారు.

దాని ఫలితం తెలుగు పల్లెల్లో కనిపించింది. సంతూర్‌కు అండ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్. ఇక్కడ అది మొదటి స్థానానికి వచ్చింది. మన కిరాణా కొట్లలో గెలిచాకే దేశంలో పెద్ద సబ్బుల వరసలో నిలబడింది. ఏడాది అమ్మకాలు 2,500 కోట్ల రూపాయలు దాటాయి. 2022 ఏప్రిల్‌లో మహేశ్వరంలో 300 కోట్ల పెట్టుబడితో విప్రో కొత్త కర్మాగారం తెరిచింది. అక్కడి ఒక లైను మీద నిమిషానికి 700 సబ్బులు వస్తాయని ప్రారంభోత్సవంలో చెప్పారు. కొనేవాళ్ళు ఎక్కడున్నారో అక్కడికి కర్మాగారం వచ్చిందన్నమాట.

రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకటి సరుకు మీద నిలబడింది. కంపెనీ తన పెట్టె మీద చెప్పుకునేది కూడా అదే: స్వచ్ఛమైన గంధపు నూనె. ఇంకొకటి కథ మీదా పంపిణీ మీదా నిలబడింది. చిన్న సైజు, అందుబాటు ధర, వారానికొకసారి పల్లెకు వచ్చే సేల్స్ మనిషి. ఏది గొప్పది అన్న తగువు నాకు అక్కర్లేదు. నన్ను ఆలోచింపజేసేది వేరే. రెండింటినీ నిలబెట్టిన కొనుగోలుదారుల్లో తెలుగువాడు ముందున్నాడు. రెండింటిలో దేన్నీ పుట్టించింది మనం కాదు.

చెట్టు తగ్గిపోయిన గంధం

పేరు పెరుగుతుంటే చెట్టు తరుగుతూ వచ్చింది. శ్రీగంధం వేళ్ళు పక్క చెట్ల వేళ్ళను పట్టుకుని ఆహారం లాక్కుంటాయి. ఒంటరిగా నాటితే సరిగా ఎదగదు. చేవ ముదరడానికి పదిహేనేళ్ళు తక్కువ, ముప్ఫై ఏళ్ళు మేలు. దీనికి తోడు స్పైక్ అనే తెగులు పంతొమ్మిదో శతాబ్దం చివర కొడగులో కనబడి అడవులకు అడవులనే తినేసింది. దొంగరవాణా సంగతి మీకు చెప్పక్కర్లేదు. 1950లలో దేశంలో ఏటా దాదాపు 4,000 టన్నుల దాకా వచ్చిన చేవ, 2000ల తర్వాత కొన్ని వందల టన్నులకు పడిపోయింది.

చట్టం కూడా చెట్టుకు చేటు చేసింది. తన పొలంలో మొలిచిన గంధం మొక్క పెరిగితే సర్కారుదవుతుంది, పోతే తన మీద కేసవుతుంది. అలాంటప్పుడు రైతు ఏం చేస్తాడు? మొలకగా ఉన్నప్పుడే పీకేస్తాడు. రెండు శతాబ్దాల రాజవృక్షం హోదా చెట్టును కాపాడలేకపోయింది. 2001లో కర్ణాటక, ఆ తర్వాత తమిళనాడు చట్టాలు మార్చి చెట్టు మీద హక్కు నేల యజమానికి ఇచ్చాయి. అప్పటి నుంచే రైతులు నాటడం మొదలుపెట్టారు. మన వైపు కూడా కందిని తోడుమొక్కగా వేసి గంధం పెంచే తోటలు వచ్చాయి. ఈలోగా పశ్చిమ ఆస్ట్రేలియాలోని కునునుర్రా ప్రాంతంలో మన జాతి శ్రీగంధాన్నే వేల హెక్టార్లలో పెంచారు. ఒకప్పుడు మన దుంగలు విదేశాలకు వెళ్ళేవి. ఇప్పుడు మన చెట్టే విదేశాల్లో తోటగా పెరుగుతోంది. నిన్న ముడిసరుకు మనదని ధీమాగా కూర్చుంటే రేపు అదీ మనది కాకుండా పోవచ్చు.

సరుకు కరువైతే నకిలీకి గిరాకీ వస్తుంది. గంధం వాసననిచ్చే కృత్రిమ రసాయనాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. వాడటం తప్పు కాదు, చెప్పకుండా వాడటమే తప్పు. ఇంకా ముదిరితే పేరునే దొంగిలిస్తారు. 2024 జనవరిలో మన హైదరాబాదులోనే, మలక్‌పేటలో, నకిలీ మైసూరు శాండల్ సబ్బుల తయారీ బయటపడింది. సుమారు 2 కోట్ల రూపాయల విలువైన సరుకు పట్టుబడిందని పత్రికలు రాశాయి. బెంగళూరులోనో మైసూరులోనో కాకుండా ఇక్కడే ఎందుకు చేశారు? అసలు సబ్బుకు ఇక్కడ గిరాకీ ఉంది కాబట్టి. మన ఊళ్ళో సబ్బు చేసే చేతులున్నాయి, యంత్రాలున్నాయి, పెట్టె అచ్చుగుద్దే ప్రెస్సులున్నాయి. వాటిని పరాయి పేరు దొంగిలించడానికి వాడారు. నాకు బాధ కలిగించింది ఆ రెండు కోట్లు కాదు, ఈ సంగతి.

కొనేవాళ్ళకు ఒక చిన్న మాట. సబ్బు వెనక సన్న అక్షరాల్లో టీఎఫ్ఎం అని ఒక అంకె ఉంటుంది. అసలు సబ్బు పదార్థం ఎంత శాతమో అది చెబుతుంది. భారత ప్రమాణాల ప్రకారం స్నానపు సబ్బులో 76 శాతానికి తగ్గకపోతే మొదటి గ్రేడు, 70 అయితే రెండు, 60 అయితే మూడు. ‘బేదింగ్ బార్’ అని రాసి ఉంటే అది సబ్బు లెక్కలోకే రాదు, దానికి 40 శాతం చాలు. ముందువైపు బొమ్మ కంపెనీ చెప్పదలచుకున్నది. వెనకవైపు అంకె చట్టం చెప్పించినది. రెండూ చదవండి.

సర్కారు సబ్బు ఒడుదుడుకులు

మైసూరు శాండల్ కథ అంతా విజయగాథ అనుకుంటే పొరపాటు. 1957లో కర్మాగారం రాజాజీనగర్‌కు మారింది. 1980లో కర్ణాటక సోప్స్ అండ్ డిటర్జెంట్స్ లిమిటెడ్‌గా కంపెనీ రూపం తీసుకుంది. 1990లలో నష్టాల్లో కూరుకుపోయి, ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి చూసే బీఐఎఫ్ఆర్ గడప తొక్కింది. విదేశీ కంపెనీల ప్రకటనల ధాటి ఒకవైపు, గంధం కొరత ఒకవైపు, సర్కారు కంపెనీలకు సహజమైన బద్ధకం ఇంకోవైపు. అమ్మేస్తారన్న మాటలు కూడా వచ్చాయి. 2000ల తొలినాళ్ళకు కోలుకుంది. 2006లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే మైసూరు శాండల్ అనే పేరుకు చట్టం కంచె వేసింది. అదే ఏడాది క్రికెటర్ ధోనీ ప్రచారకర్తగా వచ్చాడు. ఇప్పుడు కంపెనీ ఏడాది అమ్మకాలు 1,500 కోట్లు దాటి సాగుతున్నాయి. మరోవైపు ముడిసరుకు కొనుగోళ్ళకు సంబంధించి 2023లో లోకాయుక్త కేసు నమోదై వార్తల్లోకెక్కింది. సర్కారు సొత్తుకు ఉండే పాత జబ్బు పోలేదు.

నష్టాల రోజుల్లో కూడా ఒక పని చేయలేదు వాళ్ళు. పాత సబ్బును చవక చేయలేదు. గంధం నూనె మానేసి వాసన రసాయనంతో సరిపెట్టి, అదే పెట్టెలో పెట్టి అమ్మి ఉంటే ఒకటి రెండేళ్ళు లాభం కనబడేది. తర్వాత పేరు మిగిలేది కాదు. అందుకే కోలుకున్నప్పుడు కోలుకోవడానికి ఏదో ఒకటి మిగిలి ఉంది.

2025 మేలో నటి తమన్నాను రెండేళ్ళకు 6.2 కోట్ల రూపాయలకు ప్రచారకర్తగా పెట్టుకున్నప్పుడు కన్నడ నాట పెద్ద దుమారం రేగింది. కన్నడ అమ్మాయి దొరకలేదా అన్నారు. రాష్ట్రం బయటి మార్కెట్ కోసమే ఈ ఎంపిక అని కర్ణాటక పరిశ్రమల మంత్రి ఎం.బి. పాటిల్ సమాధానం చెప్పారు. ఆ బయటి మార్కెట్లో మనమూ ఉన్నాం. వాళ్ళకు మన విలువ తెలుసు.

పటాన్‌చెరు డ్రమ్ము

ఇప్పుడు మన సంగతికి వద్దాం. వెనుకబడిన ప్రాంతమని రాయితీలిచ్చి 1970ల నుంచి ఇక్కడ పారిశ్రామిక వాడలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం. మందుల ముడిపదార్థాలు చేసే యూనిట్లు వరసగా వచ్చాయి. ఇక్కడి మనుషులు క్లిష్టమైన రసాయన చర్యలు చేయగలరు. సందేహం లేదు. కానీ సరుకు డ్రమ్ములో పోసి పంపిస్తాం. డ్రమ్ము మీద బ్యాచ్ నంబరు ఉంటుంది, రసాయనం పేరు ఉంటుంది. మాత్రగా మారి దుకాణంలోకి వచ్చేసరికి పేరు ఇంకొకరిది. జాబ్ వర్క్ చేసేవాళ్ళకు ఆ మాట ఇంకా బాగా తెలుసు. 1914 నాటి మైసూరు దుంగలకూ మన డ్రమ్ములకూ తేడా ఉంది, ఒప్పుకుంటాను. మనది రెండో మెట్టు. కానీ కొనేవాడు ఒక్కసారి చైనా వైపు తిరిగితే డిపోలో పేరుకుపోయేది మన సరుకే.

మూడో మెట్టు ఎక్కినవాళ్ళు మనలో లేరా అంటే ఉన్నారు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం పెట్టారు. సంగీత కచేరీల్లో ఉచితంగా పంచి అలవాటు చేశారు. ఆ లాభంతో ఆంధ్రపత్రిక నడిపారు. హైదరాబాదులో 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ సీసా నేటికీ అదే రూపంలో దొరుకుతుంది. జలుబు చేస్తే ఆ సీసా వెతికే ఇళ్ళు ఈ సభలోనే చాలా ఉంటాయి. ఇక మన కళ్ళ ముందు జరిగింది డాక్టర్ అంజిరెడ్డిగారి కథ. ప్రభుత్వరంగ ఐడీపీఎల్‌లో పని నేర్చి, 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించి, ముడిమందులతో మొదలుపెట్టి, నారిలెట్, ఒమెజ్ లాంటి సొంత పేర్ల మందుల దాకా వెళ్ళారు. డ్రమ్ము దగ్గర ఆగకపోవడమే ఆ ప్రయాణంలోని అసలు సంగతి.

ఇంకో లెక్క మిగిలింది. అదీ చెప్పకపోతే ఈ నేల మీద నిలబడి మాట్లాడే అర్హత ఉండదు. పరిశ్రమలు మనకు ఉద్యోగాలిచ్చాయి, నక్కవాగుకు విషమిచ్చాయి. ఆ నీళ్ళు మంజీరలోకి వెళ్ళాయి. 1990లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు పదేళ్ళకు పైగా అక్కడ నడిచి, తర్వాత హైకోర్టుకు వచ్చింది. ఆ పొలాల వాళ్ళు ఈ సభలో ఉన్నారు. సబ్బు పరిశ్రమ చరిత్రలోనే దీనికి ఒక జవాబు ఉంది. సబ్బు చేశాక మిగిలే నీటిని ఒకప్పుడు పారబోసేవాళ్ళు. అందులో గ్లిజరిన్ ఉందని తెలిశాక, దాన్ని తీసి అమ్మడం మొదలుపెట్టారు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి మందు తయారీకి ఆ గ్లిజరినే కావలసి వచ్చి సబ్బుకంటే అదే ఎక్కువ గిరాకీ అయింది. క్షిపణులు చేసే ఊరికి ఈ చుట్టరికం చెప్పడం నాకు సరదా. అయినా పాఠం సరదా కాదు. బయటికి వదిలే నీటిలో ఏముందో తెలుసుకోవడం కూడా తయారీలో భాగమే. అది తెలియని యూనిట్‌కు తన సరుకు పూర్తిగా తెలియనట్టే. అలాంటి యూనిట్ తన పేరును దేని మీద వేసుకుంటుంది?

కాబట్టి విశ్వేశ్వరయ్యగారిని తలుచుకునే రోజున మూడు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ఇక్కడి చిన్న యూనిట్లన్నీ కలిసి ఐఐటీతో, ఇక్రిశాట్‌తో ఏడాదికొక్క ప్రాజెక్టు పెట్టుకోవాలి. సడ్‌బరో, వాట్సన్ మైసూరుకు చేసింది అదే. రెండు, చట్టం అడిగిన నాణ్యత కంటే ఒక మెట్టు ఎక్కువ పెట్టుకుని, ఆ అంకెను సరుకు మీద పెద్ద అక్షరాల్లో వేయాలి. వదిలే నీటి అంకె కూడా గేటు బయట బోర్డు మీద రాయాలి. మూడు, ప్రతి యూనిటూ తన పనిలో ఒక్క సరుకునైనా తన సొంత పేరుతో దుకాణానికి పంపాలి. మొదట నష్టం రావచ్చు. మైసూరు సబ్బుకూ, సంతూర్‌కూ మొదటి రోజే జనం బారులు తీరలేదు.

వచ్చే ఏడాది ఈ ఉపన్యాసానికి నన్ను గాని నాలాంటి రిటైర్డ్ మనుషుల్ని గాని పిలవకండి. ఈ మూడో పని చేసిన యూనిట్ ఏదైనా ఉంటే, ఆ సరుకు తయారుచేసిన షిఫ్టు ఇంజనీరునే ఈ మైకు ముందు నిలబెట్టండి. లాభమా నష్టమా లెక్కలతో చెప్పమనండి. విశ్వేశ్వరయ్యగారు బతికి ఉంటే వినడానికి ఇష్టపడే ఉపన్యాసం అదే.